బెల్లం పొయ్యి కాడ అడిగినోడు

బోధన్,
జనవరి.

ప్రియమైన మేనకోడలు దీవెనకు,

నిజం చెప్తున్న బిడ్డా, ఈ ఉత్తరం రాయకుండనే ఊకుందామనుకున్న. పెన్ను దొరికింది గని కండ్లద్దాలు దొరకలే. అద్దాలు దొరికినంక, హైదరాబాద్ల అంత పెద్ద కంపెనీల కూసున్న పిల్లకు బోధన్ల మంచం మీద కూసున్న ముసలోడు చెప్పేదేముంటదని బద్ధకమైంది. మీ అత్త సాయవ్వ ఊకోలే. "అడగనోళ్ళకు ఊరంత తిరిగి చెప్తవు. పిల్ల నోరు తెరిచి అడిగితే చెప్పవా?" అన్నది. అందుకని కూసున్న.

ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవేమో. నా ఎడమ చెవి సంగతి నీకెరుకే. ఇప్పుడు కుడి చెవి గూడ దాని బాటనే పట్టింది. ఫోన్ల నేను సగం వింట, మిగిలిన సగం నా సొంతంగ కల్పించుకుంట. ఇసొంటి పనికి కాయితమే మంచిది.

నువ్వు అడిగింది నాకు అర్థమైన కాడికి ఇది. ఫోన్ల ఇంటర్నెట్ చూసేటందుకు మీ కంపెనీ ఒక బ్రౌజర్ చేసింది. మనకాడ పైసలు తీసుకోదు. దాన్ని తెరిస్తే నడిమిట్ల ఒక పట్టీ వచ్చి "దుకాణాలు మీకు కబుర్లు పంపవచ్చా?" అని తెలుగుల అడుగుతది. "సరే" అన్నది నీలం రంగుల, ఇటుక పెళ్ళంత. "వద్దు" అన్నది దాని కింద బూడిద రంగుల, చీమ తలకాయంత. సరే అన్నోళ్ళకు దుకాణాలోళ్ళు కబుర్లు పంపుతరు, మీ కంపెనీకి పైసలు కడ్తరు. అన్ని జిల్లాల కంటె మన జిల్లోళ్ళే ఎక్కువ సరే నొక్కుతున్నరట. మార్చిల మీటింగు. పట్టీ గట్లనే ఉండుడు మంచిదని నువ్వు సంతకం పెడితే టీముకు పెద్దవైతవు. పెట్టేముందు నీకు తెలువాల్సింది ఒక్కటి: మనోళ్ళు ఇష్టమయ్యే నొక్కుతున్నరా?

ఇంట్ల కూసోని చెప్పే ముచ్చట కాదని ముత్తన్న గానుగ కాడికి పోయిన. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డంక ఈ దిక్కు చెరుకు పెట్టేటోళ్ళే తక్కువైండ్రు. ఉన్న కొంచెం చెరుకు ముత్తన్న గానుగల ఆడిచ్చి బెల్లం వండుతడు. నేను పోయేసరికి కడాయిల రసం పొంగుతున్నది. ముత్తన్న ఒక చేత్తోని గరిటె తిప్పుతున్నడు. రెండో చెయ్యి పక్కన సంచి మీద పెట్టిన ఫోను మీద ఉన్నది. అది ఊకె గుర్రుమంటున్నది.

"ముత్తన్నా, గా పట్టీ వస్తే ఏం జేస్తవు?" అన్న.

"సరే అంట."

"ఎందుకే?"

"అడిగిండు గదనే."

"అడిగింది ఎవలో నీకెరుకనా?"

"ఇప్పుడు నువ్వొచ్చి రసం అడిగినవ్. ఇచ్చిన. నీ తాతెవలు, ముత్తాతెవలు అని అడిగిన్నా?"

ఇదీ సంగతి. నీకు తెలుసో లేదో, పొయ్యి మీద కడాయి ఉన్నంతసేపు అడిగినోన్ని లేదనొద్దు. లేదంటే పాకం కుదరదని మా తాతల కాడికెళ్ళి ఒక పట్టింపు. బాట మీద పోయేటోడు, అడుక్కతినేటోడు, పగోడు, ఎవలడిగినా ఇంత రసమో ఇంత వేడి బెల్లమో చేతుల పెట్టాలె. ఇప్పుడు ఫోను పొయ్యి కాడ ఉన్నది. అండ్ల అడిగేటోడు గూడ పొయ్యి కాడ అడిగినట్టేనని ముత్తన్న లెక్క.

ముత్తన్న కోడలు త్రివేణి బెల్లం అచ్చులు కడుగుకుంట అందుకున్నది. "సూడు కాకా, మా మామ ఫోన్ల చీరలమ్మేటోడు, మోకాళ్ళ నూనెలమ్మేటోడు, లోన్లిస్తమనేటోడు. బుధవారం అంగడి మొత్తం అండ్లనే ఉన్నది. మొన్న నిజామాబాద్ గంజ్ మార్కెట్ కెళ్ళి మా బెల్లం కొనే దేవన్న సేటు 'ఇయ్యాల బందు, సరుకు తేవద్దు' అని పంపిండు. ఈ చీరల నడుమ అది ఎవలకు కనపడ్తది? ఆటో నిండ బెల్లమేసుకోని పోయి, గేటు చూసొచ్చిండు."

"గేటుకు కొత్త రంగేసిండ్రు. మంచిగున్నది," అన్నడు ముత్తన్న.

నాకు తోచింది రాస్తున్న. మనోడు పట్టీకి జవాబు చెప్తలేడు బిడ్డా. పట్టీ వెనుక ఎవలో మనిషి చెయ్యి చాపి నిలబడ్డడనుకొని, ఆయనకు చెప్తున్నడు.

అత్త వందనాలు చెప్పుమన్నది. మీ అమ్మ రజినికి గూడ చెప్పు. నిజామాబాద్ ఇంత దగ్గరున్నా నా చెల్లెకు బోధన్ బస్సు దొరుకుతలేదేమో.

ప్రేమతో,
నీ మామ వీరస్వామి


హైదరాబాద్,
ఫిబ్రవరి.

ప్రియమైన మామయ్యకు, అత్తమ్మకు దీవెన వందనాలు.

నీ ఉత్తరం మెట్రోల చదివిన. ముత్తన్న గేటు రంగు కాడికి వచ్చేసరికి గట్టిగ నవ్వొచ్చింది. పక్కన కూసున్నామె జరిగి కూసున్నది. ఆఫీసుల అందరికీ ఇంగ్లీషుల చేసి చదివి వినిపించిన. నవ్విండ్రు గాని ఎక్కిరించినట్టు కాదు మామయ్యా. మా మేనేజర్ మధుకర్ సార్ మన జిల్లా ధర్పల్లి ఆయనే. "మీ మామయ్య ఒక్కరుంటే మనం సర్వేలు బంద్ పెట్టొచ్చు" అన్నరు. చాలా అడిగిండ్రు. ముత్తన్న పొద్దున ఎన్నింటికి పొయ్యి ముట్టిస్తడు, సాయంత్రం అడిగినా ఇట్లనే సరే అంటడా, గానుగ లేనోళ్ళకు కూడా ఇసొంటి పట్టింపులు ఉంటయా అని. మన ఊరి మాటను ఇంత పెద్దోళ్ళు ఇంత శ్రద్ధగ వినుడు నేను ఎప్పుడూ చూడలేదు. ఇవి కనుక్కొని రాస్తవా?

ఇంకో మాట. మా కంపెనీని చెడ్డదనుకోకు. పోయిన యేడు అమ్మ ఫోనుకు "కరెంటు బిల్లు కట్టలేదు, ఇక్కడ నొక్కండి" అని దొంగ లింకు వచ్చింది యాదికుందా? అమ్మ నొక్కింది. అప్పుడు తెరంతా ఎర్రగ అయ్యి "ఇది మోసం, వెనక్కి వెళ్ళండి" అని ఆపింది మా బ్రౌజరే. దొంగ సైట్లను పట్టేటందుకు ఒక టీము మొత్తం అదే పని మీద ఉంటది. అమ్మ దగ్గర పైసా తీసుకోలేదు. మరి వాళ్ళ జీతాలు ఎక్కడినుంచి వస్తయి? ఆ నీలం బటన్ నుంచే. మధుకర్ సార్ అనేది అదే: "లాభం లేకపోతే కాపలా ఎవరు పెడ్తరు దీవెనా?"

వాడేటోళ్ళ మంచి చూస్తున్నమా, మా లాభం చూసుకుంటున్నమా అని నన్నడిగితే, వారానికో తీరుగ చెప్తున్న. నేను టీముకు పెద్దదాన్నైతే ఆ "వద్దు"ను కొంచెం పెద్దగ చెయ్యొచ్చనే ఆశ కూడా ఉన్నది. బయట నిలబడి అరిచే కంటె లోపల ఉండి మార్చుడు నయం గదా?

నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న.

నీ దీవెన


బోధన్,
ఫిబ్రవరి ఆఖరు.

ప్రియమైన దీవెనకు,

నా ఉత్తరం ఇంగ్లీషులకు పోయిందని తెలిసి మీ అత్తకు చెప్పిన. "ఇంగ్లీషుల గూడ నువ్వు గింత లొడలొడనేనా?" అన్నది. ఇంటి మనిషికి విలువ తెలువదు, ఏం జేస్తం.

ముందుగాల నీ ప్రశ్న. దానికి ముందు ఒక తొట్టి ముచ్చట.

నేను ఒకప్పుడు ఎడపల్లి దిక్కు ఒక చిన్న ఖండసారి చక్కెర మిల్లుల గేటు కాడ పనిచేసిన. చెరుకు బండ్లకు చీటీలిచ్చుడు నా పని. బడికి పోనోన్ని, చీటీల మీది పేర్లు చదువుకుంటనే అక్షరాలు నేర్చుకున్న. ఆ మిల్లు సేటు గేటు ముంగట ఎడ్ల కోసం పెద్ద సిమెంటు తొట్టి కట్టిచ్చిండు. పొద్దుమాపు నిండ నీళ్ళు. లైన్ల నిలబడ్డ ఎడ్లు కడుపునిండ తాగేటియి. రైతులు సేటుకు దండం పెట్టేటోళ్ళు. నాకు నోరు ఊకోదు గదా, ఒకనాడు అడిగిన. "సేట్ సాబ్, ఇది ఎడ్ల మీది ప్రేమనా, చెరుకు మీది ప్రేమనా?"

సేటు నవ్విండు. "వీరస్వామీ, ఎద్దు నిలబడితేనే చెరుకు వస్తది. నేను దేన్ని ప్రేమిస్తే ఏంది, తొట్టిల నీళ్ళు అవే గదా!"

ఆ మాట నాకు మస్తు నచ్చింది. కొన్నేండ్లు అందరికి చెప్పుకుంట తిరిగిన. తర్వాత ట్రాక్టర్లు వచ్చినయి. తొట్టిల నీళ్ళు పొయ్యొద్దని ఎవలు చెప్పలే. పొయ్యమని గూడ ఎవలు చెప్పలే. ఒక ఎండకాలం పోయి చూస్తే అండ్ల సున్నం కలుపుతున్నరు.

మీ ఎర్ర తెర అసొంటిదే అనిపిస్తున్నది. అబద్ధం తొట్టి కాదు. నా చెల్లె నిజంగనే బయటపడ్డది, దాహం నిజంగనే తీరింది. సేటు చెడ్డోడు గూడ కాదు. ఎద్దుకు మంచైనప్పుడు సేటుకు గూడ మంచైతే తొట్టి నిండుతది. రెండు మంచిలు రెండు దిక్కులకు పోయిననాడు ఏమైతదో చూడాలె, నిండిన తొట్టి చూసి చెప్పలేం.

ఇగ మీ సారు అడిగినయి. మన ధర్పల్లోడు అడిగితే ఊకుంటనా? రెండ్రోజులు బజారు తిరిగిన. కొమురయ్య కిరాణం కాడ కూసుంటే తెలిసింది, బోణి బేరం కానంతవరకు ఆయన ఎవలకూ లేదనడు. ఉద్దెర అడిగినా ఇస్తడు. కూరగాయలమ్మే దేవవ్వ గూడ అంతే. మొదటి గంప దించినంక ఎవలు చెయ్యి పెట్టినా ఊకుంటది. మన చర్చిల ఆరాధన అయిపోయి బయటికొచ్చేటప్పుడు మనుషులు మెత్తగ ఉంటరు, అప్పుడు ఏది అడిగినా అయితది. పాస్టరు గారికి ఈ సంగతి ఎప్పటిసందో ఎరుక. మొత్తం మీద మనోడు పొద్దటి పూట వెన్నముద్ద. పొద్దుగూకినంక పక్కింటోడు గొడ్డలి అడిగినా "పిడి ఊసిపోయింది" అంటడు.

ఇదంత రాస్తుంటె అత్త వెనుకకెళ్ళి చూసి, "ఎవలు ఎప్పుడు మెత్తగుంటరో గది గూడ రాసి పంపుతున్నవా? కుక్క ఎప్పుడు పంటదో దొంగకు చెప్పినట్టున్నది" అన్నది.

"దొంగెక్కడిదే, మన ధర్పల్లోడు" అన్న.

"అయితే ఇంటి దొంగ" అన్నది.

దానికి అన్నీ అనుమానాలే. నవ్వుకోని కవరు అంటువెట్టిన.

నీ మామ వీరస్వామి


హైదరాబాద్,
మార్చి.

ప్రియమైన మామయ్యకు,

అత్తమ్మ మాటే నిజమైంది.

నీ రెండో ఉత్తరం కూడా చదివి వినిపించిన. తొట్టి ముచ్చటకు అందరూ చప్పట్లు కొట్టిండ్రు. తర్వాత తొట్టిని పక్కకు పెట్టి మిగిలింది తీసుకున్నరు. ఇప్పుడు పట్టీ ఎప్పుడంటే అప్పుడు రాదు. మన జిల్లాల పొద్దున పూట, మనిషి పని మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తది. ఆదివారం చర్చిలు వదిలే వేళకు వస్తది. దీనికి "మెత్తటి పూట" అని పేరు పెట్టుకున్నరు. తెలుగులనే పెట్టుకున్నరు మామయ్యా, నీ గౌరవం కోసం. నాకు చెప్పకుండ పదిహేను రోజులు కొద్దిమంది మీద నడిపి చూసిండ్రు. సరే అన్నోళ్ళు ఎంత పెరిగిండ్రంటే, ఇంకో నాలుగు రాష్ట్రాల కూడా ఇట్లనే మనుషులు మెత్తపడే పూటలు కనుక్కోమంటున్నరు.

మీటింగుల తెర మీద ముత్తన్న బొమ్మ వేసిండ్రు. తలపాగ, గరిటె. మన ముత్తన్న తలపాగ కట్టడు గదా.

నేను లేచి, "సార్, చెయ్యి పాకంల ఉన్నప్పుడు అడిగితే అది అడుగుడు ఎట్లయితది?" అన్న.

మధుకర్ సార్‌కు కోపం రాలేదు. "వద్దు అనే బటన్ ఉన్నది గదా దీవెనా. మనం దాచిపెట్టలేదు. వాళ్ళు నొక్కుతలేరు. ఎందుకు నొక్కుతలేరో చెప్పింది మీ మామయ్యే."

ఆయన చెడ్డోడు కాదు మామయ్యా. నాకు జ్వరమొస్తే ఇంటికి భోజనం పంపిన మనిషి. అదే నాకు కష్టమైతున్నది.

సోమవారం లోపల సంతకం పెట్టాలె. కాయితం మీద "తయారు చేసినవారు" అని నా పేరు ముందే అచ్చేసి ఉన్నది. పెడితే టీముకు పెద్దదాన్ని. నీ మీద కోపం లేదు. కనుక్కోమన్నది నేను, చదివి వినిపించింది నేను. ఏం చెయ్యాల్నో చెప్పు. కొరియర్ల పంపు.

నీ దీవెన


బోధన్,
మార్చి.

ప్రియమైన దీవెనకు,

ఈసారి కథలు లేవు. నీకు తొట్టి పాఠం చెప్పుకుంటనే, ఎడ్లను నేనే తోలుకపోయి గేటు లోపల అప్పజెప్పిన. నీ ఉత్తరం చదివి అత్త లేచింది. చాయ్ పెట్టి ఇచ్చింది. ఏమన్న అంటే బాగుండు.

చాయ్ తాగి సీదా ముత్తన్న కాడికి పోయిన. మొత్తం చెప్పిన. తిడ్తడనుకున్న. తిట్టిండు గని, నేననుకున్న దానికి కాదు.

"పొయ్యి కాడ అడిగినోన్ని లేదనొద్దని రాసినవా?"

"రాసిన."

"మిగిలిన సగం?"

"ఏం సగమే?"

గరిటె త్రివేణి చేతికిచ్చి నా ముంగటికొచ్చిండు. "ముసలోనివైనవ్, నీకు నేను చెప్పాల్నా? అడిగినోడు పొయ్యి కాడికి రావాలె. మొకం సూపియ్యాలె. ఈన్నే తినాలె, మూట గట్టుకపోవద్దు. తిన్నంక కింద కూసోని పొయ్యిలకు ఇంత పిప్పి ఎగదొయ్యాలె. పిప్పి ఎయ్యకుంట మూతి తుడుసుకోని పోయినోన్ని రెండోసారి ఎవడు రానిస్తడు? పోయిన యేడు నువ్వు ఎగదోసి ఎంటికలు కాలవెట్టుకోలేదా?"

నిజమే. కాలబెట్టుకున్న. మీ అత్త వారం రోజులు నవ్వింది.

పిప్పి అంటే ఏందో నీకు తెలువకపోవచ్చు. రసం పిండినంక మిగిలే చెరుకు చొప్ప. అదే పొయ్యిల కట్టె. రసం తాగినోడు ఆ పొయ్యికి తన వంతు మంట పెట్టాలె, లేకుంటే ఇచ్చేటోడు ఎన్నొద్దులు ఇస్తడు? ఇది నేను నీకు రాయలేదు. దాచిపెట్టి కాదు. అందరికి ఎరుకైందే గదా, రాసుడెందుకని. ఈడ చెప్పనవసరం లేని ముచ్చటే ఆడ చెప్పాల్సి ఉండె. సగం పట్టింపు పట్టుకపోయి మీవోళ్ళు మొత్తం పట్టింపు అనుకున్నరు, తప్పు వాళ్ళది ఎంతనో నాది అంత.

త్రివేణి అడిగింది, "కాకా, గా దీవెన ఇప్పుడు ఏం జేస్తదంటవు?" నాకెరుక లేదన్న. నీకూ అదే చెప్తున్న. సంతకం పెట్టుమన, పెట్టొద్దన. పెద్దయినంక మార్చొచ్చన్నది అబద్ధం కాదు. నువ్వు పెట్టకున్నా పట్టీ ఆగదన్నది గూడ నిజమే. నాకు తోచింది ఒక్కటే. ఆ కాయితం మీది నీ పేరును ముత్తన్న ముంగట నిలబడి నువ్వే చదవాల్సి వచ్చిందనుకో. గొంతు ఆగకుండ చదువుతవా? చదువుతనంటె పెట్టు. నా గొంతైతే ఆగుతది, కని నాది ఎట్లైనా దగ్గు గొంతు.

మిగిలిన సగం నీకు అందాలెనని రాసిన. ఎవలకు వినిపించుకుంటవో నీ ఇష్టం.

నీ మామ వీరస్వామి


హైదరాబాద్,
ఏప్రిల్.

ప్రియమైన మామయ్యకు, అత్తమ్మకు,

రాయటానికి ఇన్నొద్దులు పట్టింది. ముందు జరిగింది చెప్తున్న.

సోమవారం మీటింగుల ముత్తన్న చెప్పిన మిగిలిన సగం చదివి వినిపించిన. ఈసారి ఎవరూ నవ్వలేదు. మధుకర్ సార్ నోట్‌బుక్ తెరిచి, "అయితే మనం వెయ్యాల్సిన పిప్పి ఏది?" అని అడిగిండ్రు. నిజంగనే అడిగిండ్రు. నేను చెప్పిన: "వద్దు" కూడా "సరే" అంత పెద్దగ ఉండాలె. ఒకసారి వద్దన్నోన్ని మళ్ళా అడగొద్దు. పనిల ఉన్నప్పుడు అడగొద్దు.

ఆయన అన్నీ రాసుకున్నరు. తర్వాత, "మొదటిది ఒప్పుకుంటే వచ్చే సంవత్సరం ఎర్ర తెర టీముల మనుషుల్ని తగ్గించాలె. ఎవర్ని తీసెయ్యాల్నో పేర్లు నువ్వే చెప్పు" అన్నరు. నేను చెప్పలేకపోయిన. అట్లని సంతకం కూడా పెట్టలేదు. నా పేరు తీసెయ్యుమన్న. తీసేసిండ్రు.

నా బదులు అంకిత సంతకం పెట్టింది. నా పక్క సీటు అమ్మాయే. ఆమెతోని మాట్లాడుతనే ఉన్న.

పోయిన వారం కొత్త పట్టీ అందరి ఫోన్లల్లకు వచ్చింది. నీలం బటన్ అంతే పెద్దగ ఉన్నది. పొద్దున పూటనే వస్తది. వద్దన్నోన్ని మళ్ళా అడుగుడు మాత్రం తీసేసిండ్రు. నా మాటకు కాదు, ఊకె అడుగుతే కేసు పడొచ్చని లాయరు చెప్పిండట. ఎట్లైతేంది, త్రివేణితోని చెప్పు, ఒక్కసారి వద్దు నొక్కితే సరిపోతది. ఇప్పటికే వస్తున్న కబుర్లను ఎట్ల బంద్ చెయ్యాల్నో వేరే కాయితం మీద బొమ్మలు గీసి పెట్టిన, ఈ కవర్లనే ఉన్నది.

నన్ను ఎర్ర తెర టీములకు మార్చుమని అడిగిన. మార్చిండ్రు. కొత్తోళ్ళల్ల కొత్తదాన్ని, అందరి కంటె కింద. ఆ జీతం కూడా నీలం బటన్ నుంచే వస్తదని తెలుసు మామయ్యా, నువ్వు రాయకముందే నేనే చెప్తున్న.

కొత్త టీము పై అంతస్తుల. ఇయ్యాల నా కుర్చీ నేనే తోసుకుంట తీసుకపోయిన. లిఫ్టు పనిచెయ్యలేదు. సెక్యూరిటీ ఆయన ఒక దిక్కు పట్టుకున్నడు, మెట్ల మీద మోసుకపోయి కిటికీ పక్కన పెట్టినం.

నీ దీవెన